ఇంటి పెద్ద పోయాక మిగిలిన ల్యాబ్ సామాన్లు: అమ్మాలా, ఇచ్చేయాలా? వాటాల నుంచి కాగితాల దాకా పూర్తి వివరాలు

నరసన్నపేట: రోడ్డు పక్కన ఒక చిన్న గది. షట్టర్ మీద "రక్త, మూత్ర పరీక్షలు" అని రంగు వెలిసిన అక్షరాలు. లోపల ఒక మైక్రోస్కోప్, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక సెమీ ఆటో ఎనలైజర్, ఫ్రిజ్ నిండా రీఏజెంట్ సీసాలు, అల్మారా నిండా రిజిస్టర్లు. పాతికేళ్లు ఆ ల్యాబ్ నడిపిన మనిషి ఇంతెకాల్ అయ్యారు. కొడుకు హైదరాబాద్‌లో, ఇంకో కొడుకు గల్ఫ్‌లో, కూతురు అత్తారింట్లో. గది ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. పాత ఇనుప సామాన్ల వ్యాపారి వచ్చి మొత్తానికి కలిపి ఒక్క ధర చెప్పాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ రహదారి 16 పొడవునా ఉన్న చిన్న పట్టణాల్లో ఇలాంటి ల్యాబులు ఎన్నో. ఒక్క మనిషి చేతి మీద నడిచేవి కాబట్టి, ఆ మనిషి పోగానే ఇంట్లోవాళ్లకు ఏది ఏంటో తెలియదు. "ఏముందిలే, పాత సామాన్లే కదా" అని ఒక్క పూటలో తేల్చేస్తే మూడు రకాలుగా నష్టం. ఒకటి, విలువైన వస్తువు ఇనుము ధరకు పోతుంది. రెండు, వారసుల్లో ఒకరి హక్కు, ముఖ్యంగా ఆడపిల్లలది, చిన్నపిల్లలది, తెలియకుండానే పోతుంది. మూడు, ఆ గదిలో ఉన్న కొన్ని సీసాలు, యంత్రాలు నిజంగా ప్రాణం తీయగలవు.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది కింద వరుసగా ఉంది.

ముందు అది మనదేనా?

గదిలో ఉన్నదంతా మరహూమ్ సొత్తు అనుకోవద్దు. ఎనలైజర్లు, సెల్ కౌంటర్లు చాలాసార్లు రీఏజెంట్ రెంటల్ పద్ధతిలో వస్తాయి. అంటే యంత్రం కంపెనీదో, డిస్ట్రిబ్యూటర్‌దో. నెలకు ఇంత రీఏజెంట్ కొంటామన్న ఒప్పందం మీద ల్యాబులో పెడతారు. అలాంటి యంత్రాన్ని అమ్మితే పరాయి సొత్తు అమ్మినట్టే. కొన్న బిల్లు, ఒప్పంద పత్రం, యంత్రం వెనుక సీరియల్ నంబరు చూసుకుని కంపెనీ సర్వీస్ ఇంజినీర్‌కు ఫోన్ చేస్తే సంగతి తేలిపోతుంది.

బ్యాంకు లోన్ మీద కొన్న యంత్రమైతే లోన్ తీరేదాకా దానిపై బ్యాంకుకు హక్కు ఉంటుంది. బ్యాంకు నుంచి నో డ్యూ సర్టిఫికెట్ వచ్చాకే అమ్మాలి. గ్యాస్ సిలిండర్లు సాధారణంగా సప్లయర్‌వి, తిరిగి ఇచ్చి డిపాజిట్ తీసుకోవాలి.

ల్యాబు భాగస్వామ్యంలో ఉంటే లెక్క మారుతుంది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో ఆ ఫర్మ్ రద్దవుతుంది. అప్పుడు సామాన్లు కాదు, లెక్కలు తేల్చాక వచ్చే మరహూమ్ వాటా మాత్రమే వారసులది.

తర్కా లెక్క: దానం కంటే ముందు వాటా

ముస్లిం కుటుంబంలో చనిపోయిన మనిషి వదిలివెళ్లిన ఆస్తి మొత్తం తర్కా. ల్యాబ్ సామాన్లూ అందులో భాగమే. మన దేశంలో 1937 షరియత్ అప్లికేషన్ చట్టం కింద ముస్లింల వారసత్వానికి పర్సనల్ లా వర్తిస్తుంది. వరుస ఇది: కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసీయత్, మిగిలింది వారసులకు.

అప్పుల్లో రీఏజెంట్ డీలర్ బాకీ, గది అద్దె, కరెంటు బిల్లు, అసిస్టెంట్ జీతం అన్నీ వస్తాయి. చాలామంది మరిచేది ఒకటుంది. భార్యకు ఇవ్వని మెహర్ కూడా అప్పే. ఆమె వాటా వేరు, మెహర్ వేరు. మెహర్ తీసేశాకే వాటాలు మొదలవుతాయి.

వసీయత్ నోటి మాటగానైనా చెల్లుతుంది. కానీ అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. వారసుల్లో ఒకరికే రాసిన వసీయత్ మిగతావారు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. "నా మైక్రోస్కోప్ ఫలానా కాలేజీకి ఇవ్వండి" అని ఆయన చెప్పి ఉంటే, దాని విలువ మూడో వంతు లోపు ఉన్నంతవరకు అది కుటుంబం ఇష్టాయిష్టాల విషయం కాదు, తీర్చాల్సిన బాధ్యత.

ఒక ఉదాహరణ చూద్దాం. సామాన్లన్నీ కలిపి 3,10,000 రూపాయలు వచ్చాయనుకుందాం. ఇంకే ఆస్తీ లేదనుకుందాం. దఫన్ ఖర్చులు, డీలర్ బాకీ కలిపి 38,000, అద్దె బాకీ 12,000, మెహర్ 20,000. అంటే 70,000 పోగా మిగిలింది 2,40,000. వసీయత్ లేదు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. హనఫీ పద్ధతిలో పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, అంటే 30,000. మిగిలిన 2,10,000ను 5 భాగాలు చేస్తే ఒక్కో కొడుక్కి 84,000, కూతురికి 42,000. మరహూమ్ తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు, అంటే 40,000. అప్పుడు మిగిలేది 1,70,000. ఒక్కో కొడుక్కి 68,000, కూతురికి 34,000. ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉన్నారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కాబట్టి ఒక ఆలిమ్‌తో, అవసరమైతే వకీలుతో సరిచూసుకోవాలి.

"చెల్లి ఏం అడగదులే" అని తమ్ముడు, అన్న కలిసి దానం చేసేస్తే అది చెల్లి సొమ్ముతో చేసిన దానం. ఆమె ఇష్టంగా వదులుకుంటే వేరే సంగతి. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, కాగితం మీద సంతకం కావాలి.

వారసుల్లో మైనర్లు ఉంటే ఇంకా జాగ్రత్త. యజమాని అయిన ప్రతి పెద్ద మనిషీ తన వాటా దానం చేయొచ్చు. మైనర్ వాటాను మాత్రం ఎవరూ దానం చేయలేరు, తల్లి కూడా. మన కోర్టులు పాటించే ముస్లిం లా ప్రకారం మైనర్ ఆస్తికి చట్టబద్ధ సంరక్షకులు తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి, ఆ తర్వాత తండ్రి తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి. వీళ్లెవరూ లేకపోతే 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టు తల్లిని సంరక్షకురాలిగా నియమించవచ్చు. కాబట్టి యతీమ్ పిల్లలున్న ఇంట్లో సరైన దారి ఒకటే: సరసమైన ధరకు అమ్మడం, పిల్లల వాటా వాళ్ల పేరు మీద బ్యాంకులో వేయడం.

ఇంకో మాట. భార్య ఇద్దత్‌లో 4 నెలల 10 రోజులు ఉంటుంది. ఆమె వారసురాలు. గది ఓనరు తొందరపెడుతున్నాడని ఆమెను అడగకుండా అమ్మేయొద్దు. జాబితా ఇంటికే తీసుకెళ్లి చదివి వినిపించి, సంతకం ఇంట్లోనే తీసుకోవచ్చు. ఈలోగా ఒకటి రెండు నెలల అద్దె కట్టి సామాన్లు భద్రంగా ఉంచితే, తొందరలో పోయే ధర కంటే ఆ అద్దె తక్కువే పడుతుంది.

తాకకూడని సీసాలు

జాబితా రాయడానికి గదిలోకి వెళ్లినప్పుడు కిటికీలు తెరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని వెళ్లాలి. పిల్లల్ని తీసుకెళ్లొద్దు. సీసాలు దేన్నీ మూత తీసి వాసన చూడొద్దు, సింక్‌లో పారబోయొద్దు. పాత ల్యాబుల్లో దొరికే ప్రమాదకరమైనవి ఇవి:

పిక్రిక్ యాసిడ్. క్రియాటినిన్ పరీక్షకు వాడే పసుపుపచ్చ రసాయనం. ఉద్దానం కిడ్నీ జబ్బు వల్ల ఈ జిల్లాలో క్రియాటినిన్ పరీక్షలు ఎక్కువ, కాబట్టి పాత ల్యాబుల్లో ఈ సీసా కనిపించే అవకాశమూ ఎక్కువ. తడిగా ఉన్నంతసేపు పర్వాలేదు. ఎండిపోయి మూత చుట్టూ పసుపు పలుకులు కడితే రాపిడికే పేలే గుణం వస్తుంది. అలాంటి సీసాను కదపొద్దు, తిప్పొద్దు. గది మూసి ఫైర్ సర్వీస్‌కు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి చెప్పాలి.

డ్రాబ్‌కిన్ ద్రావణం. హిమోగ్లోబిన్ పరీక్షది. ఇందులో సైనైడ్ ఉంటుంది. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. అందుకే సీసాలన్నీ ఒకే బకెట్‌లో ఒంపేయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు.

సోడియం అజైడ్ కలిపిన రీఏజెంట్లు. సీసం, రాగి పైపుల్లోకి పదేపదే పోస్తే పైపు లోపల పేలుడు పదార్థంగా మారే గుణం ఉంది.

గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్, గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్లు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యాసిడ్ అమ్మకానికి లైసెన్సు, రిజిస్టర్, కొనేవారి గుర్తింపు తప్పనిసరి. ఇరుగుపొరుగువారు బాత్రూమ్ కడగడానికి అడిగారని ఇచ్చేయడం మంచిది కాదు.

పాదరసం. పాత బీపీ మిషన్లు, థర్మామీటర్లలో ఉంటుంది. పగిలితే చీపురుతో ఊడవొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. గాలి ఆడనిచ్చి, గట్టి కాగితంతో బొట్లను ఒకచోటికి చేర్చి, నీళ్లున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి పెట్టాలి. పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. కాబట్టి పాదరసం బీపీ మిషన్‌ను దానంగా ఇవ్వడం మేలు చేసినట్టు కాదు.

ఇవి కాక లీష్‌మన్ స్టెయిన్‌లో మిథనాల్ ఉంటుంది, నిప్పంటుకుంటుంది. పాత హాట్ ఎయిర్ ఓవెన్‌లు, బర్నర్ మీద పెట్టే వైర్ గాజుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. వాటిని విరగ్గొట్టొద్దు.

గడువు తీరిన రీఏజెంట్లు, వాడిన సూదులు, ట్యూబులు 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. రసాయనాలు పసుపు రంగు సంచి లేదా డబ్బాలోకి, రక్తం అంటిన ప్లాస్టిక్ ఎరుపులోకి, సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి, గాజు నీలంలోకి. ల్యాబు తరఫున వ్యర్థాలు తీసుకెళ్లే కామన్ ట్రీట్‌మెంట్ సంస్థతో ఒప్పందం ఉండే ఉంటుంది. గది పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆ ఒప్పందం రద్దు చేయొద్దు. చివరిసారి వ్యాన్ వచ్చినప్పుడు రసీదు తీసుకోవాలి.

మాయాపురిలో జరిగింది

పాత ల్యాబ్ యంత్రాన్ని ఏంటో తెలియకుండా తుక్కుకు వేస్తే ఏమవుతుందో 2010లో దేశం చూసింది. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో గామాసెల్ అనే యంత్రం 1985 నుంచి వాడకుండా పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో మిగతా పాత సామాన్లతో పాటు దాన్నీ వేలం వేశారు. తుక్కు వ్యాపారులు మాయాపురి మార్కెట్‌కు తీసుకెళ్లి విప్పారు. లోపల ఉన్నది కోబాల్ట్-60, రేడియోధార్మిక పదార్థం. ఏప్రిల్‌కల్లా అక్కడ పనిచేసేవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలమానంలో దీన్ని 4వ స్థాయి ప్రమాదంగా లెక్కించారు.

అంతకుముందు 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీ చేసిన ఒక క్లినిక్‌లో వదిలేసిన రేడియోథెరపీ యంత్రాన్ని ఇద్దరు తుక్కు కోసం విప్పారు. అందులోని సీజియం నలుగురి ప్రాణం తీసింది. మెరుస్తోందని ఆ పొడిని ఇళ్లకు పట్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు.

నరసన్నపేట సైజు ఊళ్లో చిన్న ల్యాబులో గామాసెల్ ఉండదు. కానీ పాఠం ఒకటే: మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉన్న ఏ డబ్బానూ విప్పొద్దు, అమ్మొద్దు. అణుశక్తి నియంత్రణ మండలికి చెప్పాలి.

ఎక్స్‌రే యంత్రం ఉంటే దానికి ఇదే మండలి అనుమతి వ్యవస్థ ఈ-లోరా. కరెంటు లేకపోతే ఎక్స్‌రే యంత్రం నుంచి రేడియేషన్ రాదు. అయినా చేతులు మారాలన్నా, తుక్కు చేయాలన్నా ఆ పోర్టల్‌లో తెలియజేయాలి. కొనేవారికి కూడా లైసెన్సు ఉండాలి.

అల్ట్రాసౌండ్ యంత్రం ఉంటే ఇంకా జాగ్రత్త. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద రిజిస్ట్రేషన్ లేనివారికి దాన్ని అమ్మడం, అద్దెకివ్వడం, దానంగా ఇవ్వడం అన్నీ నేరమే. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారికి రాతపూర్వకంగా తెలిపి, ఆ కార్యాలయం చెప్పినట్టే చేయాలి.

జాబితా, శుభ్రం, పరీక్ష

ఒక నోటుబుక్కులో ప్రతి వస్తువుకూ ఒక వరుస: పేరు, కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న సంవత్సరం, బిల్లు ఉందా, పనిచేస్తోందా, ఏ భాగాలు ఉన్నాయి. ఫోన్‌లో ముందు నుంచి, వెనుక నుంచి ఫొటోలు. యూజర్ మాన్యువల్, పవర్ కార్డ్, అదనపు బల్బు, చివరి సర్వీస్ రిపోర్ట్ అన్నీ ఒక కవర్లో ఆ యంత్రంతోనే పెట్టాలి. మాన్యువల్ ఉన్న యంత్రానికి, లేని యంత్రానికి ధరలో తేడా ఉంటుంది.

తీరప్రాంతంలో ముఖ్య శత్రువు తేమ. మైక్రోస్కోప్ ఐపీస్ తీసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. ధరను ఎక్కువగా నిర్ణయించేది 100 ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్. దాని మీద గీతలు, ఎండిన నూనె ఉన్నాయేమో చూడాలి. లెన్స్ పేపర్‌తోనే తుడవాలి, లుంగీ అంచుతోనో టిష్యూతోనో కాదు. ఆ తర్వాత సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి. 2018 తిత్లీ తుపాను లాంటి సమయంలో నీళ్లు తగిలిన యంత్రమైతే ఆ మాట దాచకుండా చెప్పాలి.

సెంట్రిఫ్యూజ్‌ను ఖాళీగా తిప్పి చూడాలి. అదురుతుంటే కార్బన్ బ్రష్‌లు, బేరింగ్ చూపించాలి, ఇవి చిన్న ఖర్చే. రోటర్‌లో పగులు ఉంటే మాత్రం అమ్మొద్దు. వేగంలో విడిపోతే మనిషిని కొడుతుంది. సెల్ కౌంటర్, ఎనలైజర్ వారాలపాటు ఆపేసి ఉంటే ట్యూబుల్లో రసాయనం ఎండి గడ్డకడుతుంది. నేరుగా ఆన్ చేయకుండా సర్వీస్ ఇంజినీర్‌ను పిలిపించడం మంచిది. ఆయన ఫీజు ధరలో తిరిగి వస్తుంది.

రక్తం తగిలిన ప్రతి ఉపరితలాన్నీ 1 శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి, కనీసం 10 నిమిషాలు ఉంచి, తర్వాత నీళ్లతో తుడవాలి. లోహ భాగాలకు 70 శాతం ఆల్కహాల్ మేలు, హైపోక్లోరైట్ వాటిని తుప్పు పట్టిస్తుంది. శుభ్రం చేశామని తేదీతో ఒక కాగితం రాసి యంత్రానికి అంటించాలి. కొనేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ దీన్ని అడగడం న్యాయమే.

ల్యాబ్ ఫ్రిజ్‌ను ఇంటి వంటగదిలోకి తెచ్చుకోవద్దు. ఏళ్ల తరబడి సీరం, రీఏజెంట్లు ఉన్న ఫ్రిజ్ అది.

రిజిస్టర్లు పకోడీ పొట్లాలు కాకూడదు

పాత రిజిస్టర్లు కిలోల లెక్కన కొనేవాళ్లు ఉంటారు. కానీ వాటిలో ఊళ్లోవాళ్ల షుగర్, టీబీ, హెచ్ఐవీ ఫలితాలు ఉంటాయి. హెచ్ఐవీ వివరాలు బయటపెట్టడాన్ని 2017 చట్టం నిషేధిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, అది ఆ మనుషులు మరహూమ్ దగ్గర ఉంచిన అమానత్. అవసరమైన లెక్కల పుస్తకాలు వేరు చేసి, మిగతావి చింపి నాశనం చేయాలి. అల్ట్రాసౌండ్ రికార్డులు మాత్రం చట్టం ప్రకారం 2 ఏళ్లు ఉంచాలి. కంప్యూటర్ అమ్మేముందు హార్డ్‌డిస్క్ తీసేయడమే సులువు. ఎనలైజర్ మెమరీలో ఉన్న పేషెంట్ల పేర్లు కూడా తుడిపించాలి.

ధర ఎలా తేల్చాలి

ఆదాయపు పన్ను లెక్కల్లో మామూలు యంత్రాలకు ఏటా 15 శాతం, కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల. 2 లక్షలకు కొన్న ఎనలైజర్ ఏటా 15 శాతం తగ్గితే 5 ఏళ్లకు పుస్తకాల్లో విలువ సుమారు 88,700. ఇది మార్కెట్ ధర కాదు, బేరానికి ఒక మొదలు మాత్రమే.

అసలు ధరను నిర్ణయించేవి నాలుగు: ఆ మోడల్‌కు విడిభాగాలు ఇంకా వస్తున్నాయా, ఏ కంపెనీ రీఏజెంట్ అయినా పడుతుందా లేక ఒకే కంపెనీది వాడాలా, దగ్గర్లో సర్వీస్ ఉందా, కొనేవాడి ముందు పనిచేసి చూపించగలరా. అన్ని రీఏజెంట్లూ పడే ఓపెన్ సిస్టమ్ యంత్రాలకు గిరాకీ ఎక్కువ. మైక్రోస్కోప్, సెంట్రిఫ్యూజ్, ఆటోక్లేవ్ పాతవైనా ధర నిలుస్తాయి. తయారీ ఆగిపోయిన ఎనలైజర్ ఎంత మెరుస్తున్నా ధర రాదు.

కనీసం ముగ్గురి దగ్గర ధర అడగాలి. విడివిడిగా అడగాలి, మొత్తం కలిపి కాదు.

ఎవరికి అమ్మాలి

మొదటి మాట ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే. మరహూమ్ దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా ల్యాబు పెట్టుకోవాలనుకునే డీఎంఎల్‌టీ కుర్రాళ్లు టెక్కలిలోనో, పాతపట్నంలోనో, శ్రీకాకుళంలోనో ఉండొచ్చు. వాళ్లకు ఆ యంత్రం అలవాటే. రెండోది, కంపెనీ డిస్ట్రిబ్యూటర్. కొత్తది కొనేవాళ్లకు ఎక్స్‌చేంజ్ కోసం పాతవి తీసుకుంటారు. మూడోది, విశాఖపట్నం, హైదరాబాద్‌లో బాగుచేసి అమ్మే వ్యాపారులు. నాలుగోది, పారామెడికల్ కాలేజీలు.

ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. అలా అడిగినవాడు మోసగాడు. చూడకుండానే చెప్పిన ధరకు ఒప్పుకుని, మిలిటరీలో ఉన్నానని ఐడీ కార్డు ఫొటో పంపేవాళ్లూ ఆ బాపతే.

ఒకే లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. బ్యాంకు ద్వారానే తీసుకుంటే వారసుల మధ్య కూడా లెక్క స్పష్టంగా ఉంటుంది. రసీదులో వస్తువు పేరు, సీరియల్ నంబరు, ధర, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామన్న మాట, తెలిసిన లోపాలు, వారసులందరి సంతకాలు ఉండాలి. లోపం దాచి అమ్మడం షరియత్‌లోనూ తప్పే, చట్టంలోనూ తప్పే.

ఎవరూ కొననివి, పనిచేయనివి ఈ-వేస్ట్. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 ఈ-వేస్ట్ నియమాల్లో వైద్య పరికరాలు, ల్యాబ్ పరికరాలు కూడా చేరాయి. రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వాలి. యూపీఎస్ బ్యాటరీలను బ్యాటరీ డీలర్‌కు ఇస్తే పాత ధర వస్తుంది.

దానం చేయాలనుకుంటే

మంచి మనసుతో ఇచ్చిన యంత్రం స్టోర్‌రూమ్‌లో దుమ్ముపట్టి పడి ఉండటం ప్రపంచమంతా ఉన్న సమస్యే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల దానాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. సారాంశం నాలుగు మాటలు: తీసుకునేవారికి నిజంగా మేలు జరగాలి, వాళ్ల ఇష్టాన్ని గౌరవించాలి, మనం వాడనిది వాళ్లకు అంటగట్టకూడదు, ఇచ్చేముందు మాట్లాడుకోవాలి. అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న సీడింగ్ ల్యాబ్స్ అనే సంస్థ ఇదే పద్ధతిలో మిగిలిపోయిన ల్యాబ్ పరికరాలను పేద దేశాల యూనివర్సిటీలకు పంపుతుంది. ముందు వాళ్లకు ఏం కావాలో అడిగి, ఆ తర్వాతే పంపుతుంది.

ఇక్కడ ఎవరికి ఏది ఉపయోగం? మైక్రోస్కోప్‌లు, స్లైడ్ స్టెయినింగ్ స్టాండ్లు, బ్యాలెన్స్‌లు ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీల ప్రాక్టికల్స్‌కు, సైన్స్ ల్యాబు లేని ఉర్దూ మీడియం, మైనారిటీ స్కూళ్లకు బాగా పనికొస్తాయి. మలేరియా రక్తపు స్లైడ్లు చూసే ఏజెన్సీ ప్రాంతంలో, అంటే సీతంపేట వైపు, మంచి మైక్రోస్కోప్‌కు ఎప్పుడూ పని ఉంటుంది. డీఎంఎల్‌టీ కాలేజీకి సెమీ ఆటో ఎనలైజర్ శిక్షణకు పనికొస్తుంది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకలతో మొదలైన కిడ్నీ ఆస్పత్రి లాంటి పెద్ద చోట పాత సెమీ ఆటో యంత్రం అక్కరకు రాకపోవచ్చు. అక్కడి పరీక్షల సంఖ్యకు అది సరిపోదు.

ప్రభుత్వ ఆస్పత్రికి ఇస్తే సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టి, ఆస్పత్రి అభివృద్ధి సంఘం ద్వారా ఇవ్వాలి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి రసీదు ఇవ్వమని అడగాలి. కాలేజీకి ఇస్తే ప్రిన్సిపాల్ సంతకంతో రసీదు. రీఏజెంట్ ఎవరు కొంటారు, సర్వీస్ ఎవరు చేయిస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ యంత్రం ఇవ్వొద్దు. దాన్ని అమ్మి, ఆ డబ్బుతో వాళ్లు అడిగింది కొనివ్వడమే మేలు.

కదిలే ఆస్తి కాబట్టి దానానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హిబాకు మూడు షరతులు: ఇస్తున్నామని చెప్పడం, వాళ్లు ఒప్పుకోవడం, వస్తువు వాళ్ల చేతికి అప్పగించడం. కాగితం మీద మాత్రమే ఇచ్చి యంత్రం ఇంట్లోనే ఉంచుకుంటే హిబా పూర్తి కాదు.

సదఖా, జకాత్, పన్ను మినహాయింపు

విద్యార్థులు ఏళ్ల తరబడి వాడుకునే మైక్రోస్కోప్‌ను మరహూమ్ పేరు మీద సదఖా జారియాగా ఇవ్వొచ్చు. కానీ జకాత్ కింద లెక్కేసుకోవద్దు. హనఫీ మతంలో జకాత్ చెల్లాలంటే అర్హుడైన పేద మనిషిని దానికి యజమానిని చేయాలి. ఆస్పత్రికో, కాలేజీకో ఇచ్చిన వస్తువుతో ఆ షరతు తీరదు. పేద డీఎంఎల్‌టీ పట్టభద్రుడికి బతుకుతెరువు కోసం సెంట్రిఫ్యూజ్ అతని సొంతం చేసి ఇస్తే అది వేరే సంగతి. ఎవరి సొంత పరిస్థితికి ఏది వర్తిస్తుందో ముఫ్తీ సాబ్‌ను అడగడం మంచిది.

వాడుకునే పనిముట్ల మీద జకాత్ లేదు. అమ్మాక చేతికొచ్చిన డబ్బు మాత్రం ఎవరి వాటాకు వస్తే వారి జకాత్ లెక్కలో కలుస్తుంది.

80జీ మినహాయింపు కోసం చూసేవాళ్లు గమనించాలి. అది డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, వస్తువులకు కాదు. అది కూడా 2,000 దాటిన నగదుకు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. పన్ను మినహాయింపు ముఖ్యమైతే, అమ్మి బ్యాంకు ద్వారా విరాళం ఇవ్వడమే దారి.

కావాల్సిన కాగితాలు

మరణ ధ్రువపత్రం: మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఇబ్బంది ఉండదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం: సచివాలయం లేదా మీసేవ ద్వారా దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇస్తారు. కొనేవాళ్లు, బ్యాంకులు అడిగేది ఇదే. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి దగ్గర ఉన్న ల్యాబు రిజిస్ట్రేషన్‌ను సరెండర్ చేయాలి. లేకపోతే ఆ పేరుతో ఇంకెవరైనా రిపోర్టులు ఇచ్చే ప్రమాదం ఉంది. అదే కారణంతో ల్యాబు స్టాంపులు, లెటర్‌హెడ్లు, ఖాళీ రిపోర్ట్ ఫారాలు కాల్చేయాలి. మరహూమ్ చివరి ఆదాయపు పన్ను రిటర్న్ వేయడానికి వారసుల్లో ఒకరు పోర్టల్‌లో చట్టబద్ధ ప్రతినిధిగా నమోదు కావాలి.

ఒక్క చూపులో

1. గదికి తాళం, కరెంటు కనెక్షన్ అలాగే ఉంచండి.
2. ఎవరి సొత్తో తేల్చండి: కంపెనీది, బ్యాంకుది, భాగస్వామిది, మనది.
3. ప్రమాదకరమైన సీసాలు, రేడియేషన్ గుర్తు ఉన్నవి వేరు చేసి సంబంధిత శాఖకు చెప్పండి.
4. జాబితా, ఫొటోలు, శుభ్రం.
5. అప్పులు, మెహర్, వసీయత్, వాటాలు లెక్కేయండి. వారసులందరి సంతకాలు తీసుకోండి.
6. మూడు ధరలు అడిగి అమ్మండి. ఇవ్వాలనుకున్నవి, తీసుకునేవారిని అడిగాకే ఇవ్వండి.
7. రిజిస్టర్లు నాశనం, లైసెన్సు సరెండర్.
8. రసీదులన్నీ ఒక ఫైల్‌లో.

పాతికేళ్లపాటు ఊరివాళ్ల రక్తం చూసి రిపోర్ట్ రాసిన మనిషి పేరు ఆ గదితో పాటు మూతపడనక్కర్లేదు. ఆయన అప్పులు తీరి, కూతురికి ఆమె వాటా అంది, ఆ మైక్రోస్కోప్ మరొకరి చేతిలో పనిచేస్తూ ఉంటే ఆ ల్యాబు సరిగ్గా ముగిసినట్టే.